మంచం లేని ఇల్లు – వల ఉయ్యాలలో నిద్ర

మెక్సికో దేశానికి ఆగ్నేయపు కొసన యుకటాన్ అనే ద్వీపకల్పం ఉంది. ఎండలు మండిపోయే ప్రాంతం. గాలిలో తేమ ఎక్కువ. అక్కడి మాయా జాతి ప్రజల పల్లెటూరి ఇంట్లోకి పగటిపూట అడుగు పెడితే మీకు ఒక్క మంచం కూడా కనిపించకపోవచ్చు. ఇల్లంతా ఖాళీగా ఉంటుంది. అయితే గోడలను కాస్త పరీక్షగా చూడండి. ఎదురెదురు గోడలలో, మనిషి తల ఎత్తున, గట్టి కొక్కేలు బిగించి ఉంటాయి. రాత్రి కాగానే ఆ కొక్కేలకు రంగురంగుల వలలు వేలాడతాయి. తల్లీ తండ్రీ, పిల్లలు, తాతా అమ్మమ్మా అందరూ వాటిలోనే పడుకుంటారు. తెల్లవారగానే ఆ వలలను చుట్టి ఒక పక్క కొక్కేనికి తగిలిస్తారు. పడకగది మళ్లీ పిల్లలు ఆడుకునే గది అయిపోతుంది.

ఈ వల ఉయ్యాలనే ఇంగ్లీషులో హ్యామక్ అంటారు. చిన్న ఇళ్లలో పిల్లలకు మంచాలకు బదులు ఇవి వేస్తే ఎలా ఉంటుందని ఇప్పుడు చాలా దేశాల్లో తల్లిదండ్రులు ఆలోచిస్తున్నారు. ఉయ్యాల మనకు కొత్తది కాదు. బారసాలనాడు బిడ్డను ఉయ్యాలలో వేయడం మనకు వేడుక. చీరతో కట్టిన ఉయ్యాలలో పెరగని వాళ్లు మీలో ఎందరున్నారు? అయితే ఏ ఉయ్యాల మంచిది, ఎవరికి మంచిది, ఎక్కడ ప్రమాదం దాగి ఉంది? ఈ ప్రశ్నలకు జవాబు మీ భౌతిక, జీవశాస్త్ర పాఠాలలోనే ఉంది. రండి, చూద్దాం.

కొలంబస్ చూసిన పడక

1492 అక్టోబరులో కొలంబస్ బహామా దీవులలో దిగినప్పుడు అక్కడి ప్రజలు నూలు వలల వంటి పడకలలో నిద్రించడం చూసి తన దినచర్యలో రాసుకున్నాడు. ఆ ప్రాంతపు టైనో జాతి వారి భాషలో వాటి పేరు ‘హమాకా’. హ్యామక్ అనే మాట అక్కడి నుంచే వచ్చింది.

ఈ పడక నావికులకు ఎంతో నచ్చింది. కారణం తెలుసా? ఓడ పక్కలకు ఒరిగినప్పుడు మంచం కూడా ఓడతో పాటు ఒరుగుతుంది. మీద పడుకున్నవాడు దొర్లి కింద పడతాడు. వేలాడే పడక అలా ఒరగదు. ఓడ ఎటు వాలినా గురుత్వాకర్షణ దానిని నిలువుగా కిందికే లాగుతుంది. ఇంగ్లండు నౌకాదళం 1597లో ఈ పడకలను అంగీకరించింది. ఆ తర్వాతి కాలపు యుద్ధనౌకలలో ఒక్కొక్క నావికుడికి కేటాయించిన వెడల్పు 14 అంగుళాలు! అంటే మీ స్కేలు కన్నా రెండంగుళాలు మాత్రమే ఎక్కువ. చోటు ఆదా చేయడంలో దీనికి సాటి లేదని వేరే చెప్పాలా?

మరో మేలు కూడా ఉంది. పరుపు మీద పడుకుంటే వీపు కింద గాలి ఆడదు, చెమట ఆరదు. వలలో అయితే వీపు కిందనుంచి కూడా గాలి తగులుతుంది. మన నులక మంచం వేసవిలో హాయిగా ఉండడానికి కారణం కూడా ఇదే. పైగా మంచం కోళ్ల సందుల్లో నల్లులు చేరినట్లు వలలో చేరడానికి అన్ని చోట్లు లేవు. అయితే ఈ గాలే చలికాలంలో శత్రువు. అప్పుడు ఒంటి మీద ఎంత దుప్పటి కప్పుకున్నా చాలదు, కింద కూడా ఒకటి పరుచుకోవాలి. ఇంకో సంగతి మరచిపోకండి. దోమలు వల కంతల గుండా కిందనుంచి కూడా కుడతాయి. కాబట్టి దోమతెర చుట్టూ దిగి, కింద కూడా మూసి ఉండాలి.

తాడు ఎంత లాగుతుంది?

ఇప్పుడు ఒక చిన్న ప్రయోగం చేయండి. మీ బడి ప్రయోగశాలలోని రెండు స్ప్రింగు త్రాసులు తీసుకోండి. ఒక తాడు మధ్యలో 200 గ్రాముల బరువు కట్టి, తాడు రెండు కొసలనూ రెండు త్రాసులకు తగిలించండి. రెండు త్రాసులనూ దగ్గరగా, తాళ్లు నిలువుగా ఉండేలా పట్టుకుంటే ఒక్కొక్కటి 100 గ్రాములు చూపుతుంది. బరువు సగం సగం పంచుకున్నాయన్నమాట. ఇప్పుడు మీరూ, మీ మిత్రుడూ త్రాసులను మెల్లగా దూరం జరపండి. ముల్లు పెరుగుతూ పోతుంది! తాడు నేలకు సమాంతరమైన గీతతో 30 డిగ్రీల కోణం చేసినప్పుడు ప్రతి త్రాసూ 200 గ్రాములు చూపుతుంది. ఇంకా లాగండి. ముల్లు ఇంకా పెరుగుతుంది. కాని తాడును పూర్తిగా సరళరేఖగా చేయడం మాత్రం మీ వల్ల కాదు, ఎంత బలవంతుడి వల్లా కాదు.

ఎందుకని? బరువును పైకి మోసేది తాడులోని బలంలో నిలువు భాగం మాత్రమే. తాడు అడ్డంగా సాగేకొద్దీ ఆ నిలువు భాగం తగ్గిపోతుంది. అదే బరువును మోయడానికి తాడు మరింత గట్టిగా లాగవలసి వస్తుంది. తాడులోని ఈ బలాన్ని తన్యత అంటారు. త్రికోణమితి చదివినవారు దీనిని ఒక సూత్రంలో రాయగలరు: బరువును కోణం యొక్క సైన్ విలువకు రెట్టింపుతో భాగిస్తే ఒక్కొక్క తాడులోని తన్యత వస్తుంది.

40 కిలోల పిల్లవాడు వల ఉయ్యాలలో పడుకున్నాడనుకుందాం. తాడు కోణం 30 డిగ్రీలైతే ఒక్కొక్క కొక్కేన్ని లాగే బలం 40 కిలోల బరువుకు సమానం. 15 డిగ్రీలైతే సుమారు 77 కిలోలు. 10 డిగ్రీలైతే 115 కిలోలు. 5 డిగ్రీలైతే దాదాపు 230 కిలోలు! మంచంలా చదునుగా ఉండాలని ఉయ్యాలను బిగించి కట్టేవారు గోడ మీద ఎంత భారం వేస్తున్నారో చూశారా?

అది కూడా కిందికి లాగే భారం కాదు, పక్కకు లాగే భారం. ఇటుక కట్టడానికి పైనుంచి పడే బరువును మోసే శక్తి చాలా ఉంటుంది. పక్కకు లాగితే మాత్రం అది బలహీనం. లోపల ఇనుప చువ్వలు లేని ఇటుక స్తంభం, పిట్టగోడ, కిటికీ చట్రం, బీరువా – వీటికి వల ఉయ్యాల కట్టడం ప్రాణాంతకం. 2020లో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో వల ఉయ్యాల కట్టిన ఇటుక స్తంభం కూలి ఇద్దరు బాలికలు మరణించారు.

పాత మండువా ఇళ్లలోని ఉయ్యాల బల్లను ఒకసారి గుర్తు చేసుకోండి. చెక్క బల్లకు నాలుగు మూలలా నాలుగు గొలుసులు. అవి నిలువుగా వేలాడతాయి కనుక ఒక్కొక్క గొలుసు బరువులో నాలుగో వంతే మోస్తుంది. దూలాన్ని పక్కకు లాగే బలం లేదు. ఆ వడ్రంగులు సైన్ పట్టికలు చూసి ఉండకపోవచ్చు కాని, లెక్క మాత్రం తప్పలేదు!

ఊపితే ఈ లెక్క మారుతుంది. ఉయ్యాలను నిలువుగీత నుంచి 60 డిగ్రీల దాకా ఊపి వదిలితే, అది అడుగుకు వచ్చే క్షణంలో తాడు మీద భారం రెండింతలవుతుంది. కాబట్టి పడుకునే ఉయ్యాల వేరు, ఊగే ఉయ్యాల వేరు అని గుర్తుంచుకోండి.

మరి వంకరగా పడుకోవాలా?

బాగా బిగిస్తే గోడకు ప్రమాదం. వదులుగా కడితే వీపు అరటికాయలా వంగుతుంది. మరి ఏం చేయాలి? యుకటాన్ ప్రజలు దీనికి చక్కని ఉపాయం కనిపెట్టారు. వారి వలలు చాలా వెడల్పు. వాటిలో వారు పొడవునా పడుకోరు, ఐమూలగా పడుకుంటారు. తల ఒక అంచు వైపు, కాళ్లు రెండో అంచు వైపు. అప్పుడు వల వదులుగా వేలాడుతున్నా ఒళ్లు దాదాపు చదునుగా ఉంటుంది. ముడులు లేకుండా అల్లిన ఆ వల వీపుకు తగినట్లు సర్దుకుంటుంది. పెద్ద పిల్లలకు వల ఉయ్యాల వేయదలచుకుంటే తాడుకు 30 డిగ్రీల కోణం, వెడల్పాటి వల, ఐమూల పడక – ఈ మూడూ ఉండాలి. అడుగుభాగం నేలకు మంచం ఎత్తు కన్నా పైన ఉండకూడదు. వెన్నెముకలో ఏదైనా లోపం ఉన్నవారు ముందుగా వైద్యుని సలహా తీసుకోవాలి.

ఊగితే నిద్ర ఎందుకొస్తుంది?

మన లోపలి చెవిలో వినికిడితో సంబంధం లేని ఒక భాగం ఉంది. అందులో జిగురు పొర మీద కంటికి కనిపించనంత చిన్న సున్నపు స్ఫటికాలు ఉంటాయి. తల కదిలినప్పుడు అవి కాస్త వెనకబడి, కింది సన్నని రోమాలను వంచుతాయి. ఆ కబురు నరాల ద్వారా మెదడుకు చేరుతుంది. మీరు కళ్లు మూసుకున్నా ఉయ్యాల ఎటు కదులుతోందో తెలిసేది ఇలాగే.

స్విట్జర్లాండులోని జెనీవా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2011లో ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించారు. పది పన్నెండు మంది యువకులను మధ్యాహ్నం 45 నిమిషాల సేపు మెల్లగా ఊగే మంచం మీద పడుకోబెట్టారు. మంచం కదలకుండా ఉన్నప్పటి కన్నా ఊగినప్పుడు వారు త్వరగా నిద్రపోయారు. 2019లో 18 మందితో రాత్రంతా ప్రయోగం చేశారు. ఊగిన రాత్రి గాఢనిద్ర ఎక్కువ పట్టింది. ముందు రోజు నేర్చుకున్న మాటలు మరునాడు బాగా గుర్తున్నాయి. అదే ఏడాది ఎలుకలపై జరిగిన ప్రయోగం మరో సంగతి తేల్చింది. చెవిలోని ఆ స్ఫటికాల వ్యవస్థ పుట్టుకతోనే పనిచేయని ఎలుకలకు ఊపు వల్ల ఏ లాభమూ కలగలేదు. అంటే జోకొట్టే పని నడిచేది చెవిలోనుంచే!

అయితే తొందరపడి మీ పరీక్షల ముందు ఉయ్యాల కట్టకండి. ఆ ప్రయోగాలు కొద్దిమంది పెద్దవాళ్లపై జరిగినవి. మంచాన్ని ఒక యంత్రం 4 సెకన్లకు ఒకసారి చొప్పున రాత్రంతా ఊపింది. ఇంట్లోని వల ఉయ్యాలను ఎవరూ ఊపకపోతే గాలి నిరోధం, తాళ్ల రాపిడి వల్ల అది కొద్దిసేపటికే ఆగిపోతుంది. దాని ఊపు కూడా వేరు. లోలకం ఆవర్తన కాలం దాని పొడవును బట్టి ఉంటుందని మీకు తెలుసు. కొక్కేల మధ్య గీత నుంచి 1 మీటరు కిందికి వేలాడే ఉయ్యాల 2 సెకన్లకు ఒకసారి ఊగుతుంది. 4 సెకన్లు పట్టాలంటే 4 మీటర్లు వేలాడాలి!

పసిబిడ్డల సంగతి వేరు

ఇప్పటిదాకా చెప్పినదంతా పెద్ద పిల్లల గురించి. ఏడాది లోపు బిడ్డల సంగతి అలా కాదు. ఇది మీరు ముఖ్యంగా తెలుసుకోవాలి. ఎందుకంటే ఇంట్లో చెల్లినో తమ్ముణ్నో ఉయ్యాలలో ఊపే పని తరచుగా మీదే కదా!

పసిబిడ్డ తల పొడవు ఒంటి పొడవులో సుమారు నాలుగో వంతు. మెడ కండరాలకు ఇంకా బలం ఉండదు. ఒంపు తిరిగిన గుడ్డలో పడుకోబెడితే బరువైన తల ముందుకు వాలి గడ్డం రొమ్ముకు ఆనుతుంది. అప్పుడు సన్నని శ్వాసమార్గం నొక్కుకుపోతుంది. ముఖం గుడ్డకు తగిలితే విడిచిన గాలినే మళ్లీ పీల్చవలసి వస్తుంది. తల తిప్పుకొనే శక్తి బిడ్డకు లేదు, ఏడ్చి చెప్పే అవకాశమూ ఉండదు. అందుకే పసిబిడ్డను చదునైన, గట్టి పడక మీద, వెల్లకిలా పడుకోబెట్టాలని పిల్లల వైద్యులు చెబుతున్నారు. 10 డిగ్రీలకు మించి వాలు ఉన్న పసిబిడ్డల పడకలను అమెరికా 2022లో చట్టం చేసి నిషేధించింది. పెద్దవాళ్లలా బిడ్డను ఐమూలగా పడుకోబెట్టి ఒంపు పోగొడదామంటే, సన్నని చీర ఉయ్యాలలో అది కుదరదు.

అమ్మమ్మలు ఉయ్యాలలో పెంచలేదా అని మీరు అడగవచ్చు. పెంచారు. కాని ఆ ఉయ్యాల పక్కన ఎవరో ఒకరు ఎప్పుడూ కూర్చునే ఉండేవారు. మీరూ అదే చేయండి. బిడ్డ ముఖం కనిపిస్తూ ఉండాలి. గడ్డానికీ రొమ్ముకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. నిద్రపోగానే తీసి చదునైన పక్క మీద వెల్లకిలా వేయండి. బిడ్డ దొర్లడం నేర్చిన నాడు ఉయ్యాల విప్పేయండి.

పెద్ద పిల్లలకు మరో హెచ్చరిక. ఖాళీగా ఉన్న చీర ఉయ్యాలలో గిరగిర తిరుగుతూ ఆడకండి. చీర మెలిపడి మెడకు బిగుసుకుని పిల్లలు ప్రాణాలు పోగొట్టుకున్న సంఘటనలను మన దేశపు వైద్యులు నమోదు చేశారు. వాడకం అయిపోగానే ఉయ్యాలను పైకి ముడి వేసి, చిన్నవాళ్ల చేతికి అందకుండా పెట్టండి.

ఈ రోజు బడి నుంచి ఇంటికి వెళ్లగానే ఒక పని చేయండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో కట్టిన ఉయ్యాల దగ్గర నిలబడి చూడండి. తాడు ఎక్కడైనా ఒరిసి పీచు తేలిందా? కొక్కెం కదులుతోందా? అది దేనికి బిగించి ఉంది? తాడు కోణం ఎంత? మీ జామెట్రీ పెట్టెలోని కోణమానిని ఇందుకు చాలు. తేడా కనిపిస్తే వెంటనే పెద్దవాళ్లకు చూపించండి. అందులో నిద్రపోయే బిడ్డకు ఈ లెక్క తెలియదు, మీకు తెలుసు.