బ్రిటన్, ఐర్లాండ్ దేశీయ పోనీలు: గుర్తించే విధానం

గుర్రాలలో పొట్టి రకాన్ని పోనీ అంటారు. బ్రిటన్, ఐర్లాండ్‌ల కొండలలో, బీడు భూములలో, దీవులలో తరతరాలుగా పెరుగుతూ వచ్చిన పోనీ జాతులు అనేకం ఉన్నాయి. వీటిలో కొన్ని చూడటానికి ఒకేలా ఉంటాయి. ఏ లక్షణాల ఆధారంగా వాటిని వేరు చేయాలో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. ఎత్తు

గుర్రం ఎత్తును తల వరకు కాక, మెడ వీపుతో కలిసే ఎత్తైన చోటు వరకు కొలుస్తారు. ఆ చోటును మూపు అంటారు. కొలమానం 'హ్యాండ్'. ఒక హ్యాండ్ అంటే 4 అంగుళాలు. 14.2 అని రాస్తే 14 హ్యాండ్‌ల 2 అంగుళాలు, అంటే 58 అంగుళాలు అని అర్థం. ఇది దశాంశ సంఖ్య కాదని గమనించండి. సాధారణంగా ఈ ఎత్తు వరకు ఉన్నవాటిని పోనీలుగా లెక్కిస్తారు.

షెట్లాండ్ పోనీ 42 అంగుళాలు మించదు కనుక దానిని గుర్తించడం తేలిక. మిగిలిన జాతులలో చాలావాటి ఎత్తులు దగ్గరదగ్గరగా ఉంటాయి. అందువల్ల ఎత్తు తొలి మెట్టు మాత్రమే.

2. రంగు, మచ్చలు

ఎక్స్‌మూర్, డార్ట్‌మూర్ పోనీలు రెండూ నైరుతి ఇంగ్లండ్‌కు చెందినవి. రెండూ సుమారు 12 హ్యాండ్‌ల ఎత్తు ఉంటాయి. రెండింటిలోనూ గోధుమ రంగు సాధారణం. అయితే ఎక్స్‌మూర్ మూతి మీద, కళ్ల చుట్టూ పిండి అద్దినట్లు లేత రంగు ఉంటుంది. కనురెప్పలు ఉబ్బెత్తుగా ఉంటాయి. ఒంటి మీద తెల్లమచ్చ ఉండకూడదు. డార్ట్‌మూర్‌కు కొద్దిపాటి తెలుపు ఉండవచ్చు.

రంగు ఒక్కటే చూసినా పొరబడే ప్రమాదం ఉంది. ఉదాహరణకు పశ్చిమ ఐర్లాండ్‌కు చెందిన కన్నెమారా పోనీలలో బూడిద రంగువి ఎక్కువ. ఆ రంగు పోనీలు పుట్టినప్పుడు ముదురుగా ఉండి, వయసుతోపాటు తెల్లబడతాయి.

3. శరీర నిర్మాణం, కాళ్ల వెంట్రుకలు

ఉత్తర ఇంగ్లండ్‌లోని ఫెల్, డేల్స్ పోనీలు ఎక్కువగా నల్లనివి. రెండింటికీ గిట్టల పైన వెంట్రుకలు గుబురుగా ఉంటాయి. ఫెల్ 14 హ్యాండ్‌లు మించదు. సీసపు గనుల నుంచి బరువులు మోసిన డేల్స్ దానికంటే కండపుష్టి గలది. వెల్ష్ పోనీలలో బి, సి విభాగాల గరిష్ఠ ఎత్తు ఒకటే, 13.2 హ్యాండ్‌లు. స్వారీకి అనువైన తేలిక శరీరం బి విభాగానిది. బలిష్ఠమైన శరీరం సి విభాగానిది.

4. గుర్తింపు ఎందుకు అవసరం?

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఎక్స్‌మూర్ ప్రాంతం సైనిక శిక్షణకు వాడారు. కొన్ని పోనీలు సైనికుల తుపాకులకు, మరికొన్ని మాంసం కోసం దొంగిలించినవారికి బలయ్యాయి. యుద్ధం ముగిసేసరికి సుమారు 50 మాత్రమే మిగిలాయి. ఇంత చిన్న మందలో పోలికను చూసి మరో జాతి పోనీని జత కలిపితే ఆ జాతి స్వచ్ఛత పోతుంది. అందుకే బాహ్య లక్షణాలతో సరిపెట్టకుండా, తల్లిదండ్రుల వివరాలు నమోదు చేసే స్టడ్‌బుక్‌ను కూడా చూడాలి. లక్షణాలు అనుమానాన్ని తగ్గిస్తాయి. జాతిని నిర్ధారించేది వంశ వివరాలే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. 13.2 హ్యాండ్‌లు ఎన్ని అంగుళాలు?
2. ఎక్స్‌మూర్, డార్ట్‌మూర్ పోనీలను వేరు చేసే రెండు లక్షణాలు రాయండి.