చన్నీటిలో వాటర్ స్కీయింగ్ - వెట్ సూట్ ఎలా ఎంచుకోవాలి?

మన సంఘ కుటుంబాల నుండి అమెరికా, కెనడా దేశాలకు వెళ్లి స్థిరపడిన పిల్లలు చాలామంది ఉన్నారు. అక్కడ వేసవి వచ్చిందంటే స్నేహితులంతా కలిసి సరస్సు ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకొంటారు. మోటారు పడవ వెనుక తాడు పట్టుకొని, కాళ్లకు పలకలు తగిలించుకొని నీటి మీద జారుతూ పోతారు. దీనినే వాటర్ స్కీయింగ్ అంటారు. ఆ ఫోటోలు ఇక్కడి అమ్మానాన్నలకు చేరతాయి. ఫోటోలో అబ్బాయి ఒంటికి అతుక్కుపోయిన నల్లటి రబ్బరు బట్టలలో కనబడతాడు. "అంత బిగుతు బట్టలలో ఊపిరాడుతుందా డాక్టరుగారూ?" అని అడిగే తల్లులకు మేము చెప్పే జవాబు ఒక్కటే: చన్నీటిలో ఊపిరి ఆడటానికే ఆ బట్టలు. వాటిని వెట్ సూట్ అంటారు. అది సరైనది కాకపోతే ప్రాణానికే ముప్పు రావచ్చు. కనుక ఈసారి దానిని గురించి కొంత వివరంగా తెలుసుకొందాము.

చలికాలం తెల్లవారుజామున మొదటి చెంబు చన్నీళ్లు నెత్తిన పోసుకొన్నప్పుడు ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. మనం అనుకోకుండానే ఒక్కసారిగా గాలి లోపలికి పీల్చుకొంటాము. ఇది చర్మానికి చలి తగలగానే శరీరం తనంతట తాను చేసే పని. మన ఇళ్లలో ఇది నవ్వుకొనే విషయమే. కాని 15 డిగ్రీల సెంటిగ్రేడు కంటే చల్లని నీటిలో మనిషి ఒక్కసారిగా పడినప్పుడు ఇదే చర్య చాలా బలంగా వస్తుంది. ఆ క్షణంలో తల నీటి అడుగున ఉంటే ఊపిరితిత్తులలోకి పోయేది గాలి కాదు, నీరు. దీనిని కోల్డ్ షాక్ అంటారు. ఆ వెంటనే ఒకటి రెండు నిమిషాలు ఆయాసం, గుండెదడ, రక్తపోటు పెరగడం జరుగుతాయి. బాగా ఈత వచ్చినవారు కూడా ఈ కొద్దిసేపట్లోనే మునిగిపోతుంటారు. "మావాడికి ఈత బాగా వచ్చు" అనే ధైర్యం ఇక్కడ చాలదు.

కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చలిపై పరిశోధనలు చేసిన ఆచార్య గోర్డన్ గీస్‌బ్రెక్ట్ గడ్డకట్టేంత చన్నీటి విషయంలో 1-10-1 అనే లెక్క చెప్పారు. మొదటి 1 నిమిషంలో ఊపిరి అదుపులోకి తెచ్చుకోవాలి. తరువాతి 10 నిమిషాలు చేతులు కాళ్లు మన మాట వింటాయి, ఆపైన మొద్దుబారిపోతాయి. శరీరం లోపలి వేడి తగ్గి స్పృహ తప్పడానికి దాదాపు 1 గంట పడుతుంది. అంటే చాలామంది భయపడే "చలికి గడ్డకట్టి చనిపోవడం" చివరన వచ్చేది. అసలు ప్రమాదం మొదటి నిమిషంలోనే ఉంది. మంచి వెట్ సూట్ మొదటి దెబ్బ తీవ్రతను తగ్గిస్తుంది, తరువాతి సమయాన్ని పెంచుతుంది.

ఈ ఆట పుట్టింది కూడా చలి ప్రాంతంలోనే. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో లేక్ సిటీ అనే ఊరి కుర్రవాడు రాల్ఫ్ శామ్యూల్సన్ 1922లో పెపిన్ సరస్సుపై మొదటిసారి ఇలా జారాడు. 8 అడుగుల పైన్ చెక్క పలకల కొసలను వేడినీటిలో ఉడికించి, పైకి వంచి తయారు చేసుకొన్నాడు. అప్పటికి వెట్ సూట్ లేదు. 1950ల మొదట్లో కాలిఫోర్నియాలో హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్తకు ఒక ఆలోచన వచ్చింది. చలి తగలకుండా ఉండటానికి ఒళ్లు పొడిగా ఉండనక్కరలేదు, బట్టలో గాలి బుడగలు బంధించి ఉంటే చాలునని ఆయన గ్రహించాడు. నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరును నురుగులా పొంగించి చేసిన షీటుతో వెట్ సూట్ అలా వచ్చింది.

సూట్ లోపలికి చేరిన నీరు వేడెక్కి మనలను కాపాడుతుందని చాలామంది చెబుతారు. ఇది సగం నిజం. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా శరీరపు వేడిని లాగేస్తుంది. నిజంగా కాపాడేది రబ్బరులోని చిన్న చిన్న బుడగలు. లోపల పలుచని పొరగా నిలిచిపోయిన నీటిని శరీరం ఒకసారి వేడి చేస్తే చాలు. కాని ఆ నీరు బయటికి పోయి కొత్త చన్నీరు వస్తూ ఉంటే ఎంత మందపు సూట్ అయినా వ్యర్థమే. స్కీయింగ్ చేసేవాడు గంటకు 30, 40 కిలోమీటర్ల వేగంలో నీటి మీద పడతాడు. ఆ ఊపుకు మెడ దగ్గర, మణికట్టు దగ్గర, వీపు కింద ఎక్కడ సందు ఉన్నా నీరు దూసుకొని వస్తుంది. అందుచేత మందం కంటే ముందు చూడవలసినది కొలత. దుకాణంలో జనం చేసేది దీనికి తలకిందులు. ముందు మందం అడుగుతారు, తరువాత రంగు చూస్తారు, కొలత చివరికి వస్తుంది.

కొలత చూసుకొనే పద్ధతి

సూట్ వేసుకొని అద్దం ముందు నిలబడి రెండు చేతులు పైకెత్తాలి, తరువాత గొంతుకు కూర్చోవాలి. చంకలలో, తొడల మధ్య, నడుము వెనుక గుంటలో బట్ట ఒంటిని వదలి లేవకూడదు. నడుము వెనుక ఖాళీ ఉంటే అక్కడ చిన్న చెరువులా నీరు నిలుస్తుంది. గట్టిగా ఊపిరి పీల్చి చూడాలి. ఛాతీ పూర్తిగా విప్పారకపోతే ఆ సూట్ చిన్నది. మెడ పట్టీ ఆనుకొని ఉండాలి, కాని నొక్కకూడదు. మెడ పక్కన రక్తనాళాలపై ఒత్తిడి పడితే కళ్లు తిరుగుతాయి. దుకాణంలో "కొంచెం ఎక్కువ బిగుతుగా ఉందే" అనిపించే సూటే సాధారణంగా సరైనది, ఎందుకంటే నీటిలో తడిసినాక కొద్దిగా సడలుతుంది.

అక్కడి కొలతల పట్టికలు ఎత్తు, బరువు చూసి చెబుతాయి. మనవాళ్లలో కాళ్లు చేతులు సన్నగా ఉండి పొట్ట దగ్గర మాత్రం కాస్త నిండుగా ఉండేవారు ఎక్కువ. (కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగాల మహిమ!) పట్టిక ప్రకారం తీసుకొంటే పొట్ట దగ్గర పడుతుంది, చేతుల దగ్గర వదులవుతుంది. రెండు మూడు కంపెనీలవి తొడిగి చూడటమే మార్గం. స్త్రీలకు వేరే కత్తిరింపుతో చేసిన సూట్లు ఉన్నాయి. భర్త సూట్ సరిపోతుందిలే అని సర్దుకొనవద్దు. పిల్లల విషయంలో మన పాత అలవాటు ఒకటి ఉంది. బడి యూనిఫారం వచ్చే ఏడాదికి కూడా వస్తుందని ఒక సైజు పెద్దది కొంటాము. వెట్ సూట్ విషయంలో ఆ పొదుపు పనికిరాదు. పెద్దవారికంటే పిల్లల ఒంటి వేడి త్వరగా పోతుంది, పైగా వదులు సూట్ వారిని కాపాడదు. ఏటా కొనలేకపోతే అద్దెకు తీసుకొనడం మేలు.

ఎండను చూసి కాదు, నీటిని చూసి

మిన్నెసోటాలో చలికాలంలో సరస్సులు గడ్డకట్టి, సాధారణంగా ఏప్రిల్ ప్రాంతంలో కరుగుతాయి. మే నెలాఖరు సెలవులకు ఎండ 27 డిగ్రీలు కాస్తున్నా నీరు 15 దగ్గరే ఉండవచ్చు. ఎండను చూసి చొక్కా విప్పి దూకేవారికి ప్రమాదం వచ్చేది ఈ రోజులలోనే. కనుక ముందు నీటిలో థర్మామీటరు పెట్టి చూడాలి.

అక్కడ లెక్క ఫారన్‌హీటులో ఉంటుంది. 70 అంటే మన 21, 60 అంటే దాదాపు 16, 50 అంటే 10. నీరు 21 దాటితే సన్నని పొట్టి సూట్, అంటే మోచేతుల వరకు, మోకాళ్ల వరకు ఉండేది, చాలామందికి సరిపోతుంది. 16 నుండి 21 మధ్య ఒంటినిండా ఉండే 3/2 సూట్ కావాలి. ఈ అంకెలకు అర్థం, ఛాతీ వీపు దగ్గర 3 మిల్లీమీటర్లు, చేతులు కాళ్ల దగ్గర 2 మిల్లీమీటర్ల మందం అని. చేతుల దగ్గర పలుచగా ఉండటం స్కీయింగ్‌కు అవసరం. తాడు లాగి పట్టుకొనే భుజాలకు మందపు రబ్బరు అడ్డుపడితే త్వరగా అలసిపోతారు. 10 నుండి 16 మధ్య 4/3 గాని 5/4 గాని, దానితోపాటు చేతి తొడుగులు, కాళ్లకు బూట్లు ఉండాలి. 10 కంటే దిగువన డ్రై సూట్ అనే నీరు చొరని మరో రకం వాడే అనుభవజ్ఞులు ఉన్నారు. ఆట కొత్తగా నేర్చుకొనేవారు ఆ నీటిలోకి దిగనే వద్దని మా అభిప్రాయం. ఇవి ఉజ్జాయింపు లెక్కలు. సన్నగా ఉన్నవారు, త్వరగా వణికేవారు ఒక మెట్టు మందపుది తీసుకోవాలి.

కుట్లు కూడా చూడాలి. చవక సూట్లలో సూది బట్టకు అటునుండి ఇటు దిగుతుంది, ఆ రంధ్రాలలో నీరు ఊరుతుంది. చన్నీటికి జిగురుతో అంటించి, సూది పూర్తిగా బయటికి రాకుండా కుట్టినది తీసుకోవాలి. మరొక సంగతి గాలి. స్కీయింగ్ చేసేవాడు నీటిలో ఉండేది కొంతసేపే, మిగతాదంతా తడి ఒంటితో ఎదురుగాలిలోనే. పైన గుడ్డ అతికిన సూట్ నీటిని పట్టుకొంటుంది, గాలికి ఆ తడి ఆరుతూ చలి పుట్టిస్తుంది. ఛాతీ, వీపు మీద నున్నని రబ్బరు ఉన్న సూటుపై నీరు నిలువక జారిపోతుంది. ఇది త్వరగా చిరుగుతుంది, గోళ్లు తగలకుండా తొడుక్కోవాలి, అయినా ఈ ఆటకు మేలు.

చెప్పడానికి మొహమాటపడే విషయం ఒకటి ఉంది, ఆసుపత్రి పత్రిక గనుక చెబుతున్నాము. వేగంగా పోతూ కూర్చున్న భంగిమలో నీటి మీద పడినప్పుడు నీరు పెద్ద ఒత్తిడితో మలద్వారంలోకి, స్త్రీలకు యోనిలోకి దూసుకుపోయి లోపలి భాగాలు చీలిన సందర్భాలు వైద్య పత్రికలలో నమోదై ఉన్నాయి. సాధారణ ఈత బట్టలు దీనిని ఆపలేవు. నీరు వెచ్చగా ఉన్న రోజున కూడా కనీసం నియోప్రీన్ నిక్కరు వేసుకోవాలి. పడిన తరువాత పొత్తికడుపు నొప్పి, రక్తస్రావం కనిపిస్తే సిగ్గుపడి దాచకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

సూట్ ఉంది గదా అని లైఫ్ జాకెట్ మానకూడదు. రబ్బరు కొంత తేలుస్తుంది, కాని తలను పైకి పట్టి ఉంచదు. జాకెట్ సూట్ మీద వేసుకొనేది, కనుక సూట్ తొడుక్కొనే జాకెట్ కొలత చూసుకోవాలి. దెబ్బ తగిలి స్పృహ తప్పిన మనిషిని స్కీయింగ్ జాకెట్ వెల్లకిలా తిప్పుతుందనే హామీ లేదు. అందుకే పడవ నడిపేవారు కాక, పడినవారిని కనిపెట్టి చూసే మనిషి ఇంకొకరు తప్పక ఉండాలి.

పిల్లల దగ్గరికి ఆరు నెలలు ఉండి రావడానికి వెళ్లే పెద్దలు మా రోగులలో చాలామంది. "ఒక్కసారి రండి నాన్నా, ఏమీ కాదు" అని కొడుకులు, అల్లుళ్లు పడవ వెనుక గాలి ట్యూబు మీద కూర్చోబెడతారు. గుండెజబ్బు, అదుపులో లేని బీపీ, ఆస్తమా ఉన్నవారు చన్నీటిలో పడే అవకాశం ఉన్న ఏ ఆటకూ ఒప్పుకోవద్దు. కోల్డ్ షాక్ సమయంలో గుండె లయ తప్పవచ్చు. షుగరు వల్ల పాదాలకు స్పర్శ తగ్గినవారికి బూటు లోపల ఒరుసుకొన్నా తెలియదు. పడవలో ఊరికే కూర్చొని చూసేవారు కూడా లైఫ్ జాకెట్, గాలి చొరని కోటు వేసుకోవాలి. అల్లుడుగారు నొచ్చుకొంటారేమో అని మొహమాటపడవద్దు, డాక్టరు వద్దన్నారని చెప్పండి.

ఎవరైనా ఆగకుండా వణుకుతూ ఉంటే ఆట ఆపి, తడి బట్టలు తీసి, పొడి దుప్పట్లు చుట్టాలి. మెలకువగా ఉండి మింగగలిగితే తియ్యని వేడి టీ ఇవ్వవచ్చు. మద్యం ఇవ్వకూడదు. చేతులు కాళ్లు రుద్దకూడదు, వేడినీళ్ల స్నానం చేయించకూడదు. మాట ముద్దగా రావడం, తడబడటం, వణుకు ఆగిపోయి మగతగా ఉండటం చాలా ప్రమాదకరమైన గుర్తులు. అటువంటి మనిషిని పడుకోబెట్టే ఉంచి, అమెరికా, కెనడాలలో అయితే 911కు ఫోను చేయాలి.

పాత సూట్ కొనేటప్పుడు రబ్బరును వేళ్లతో నొక్కి చూడండి. మెత్తగా లేచి రావాలి. గట్టిపడినదానిలో బుడగలు చితికిపోయి ఉంటాయి, చలిని ఆపదు. వాడిన ప్రతిసారీ మంచినీటితో లోపలా బయటా కడిగి నీడలో ఆరవేయాలి. తడిగా సంచిలో కుక్కితే సూక్ష్మజీవులు పెరిగి ఒంటిమీద చీము పొక్కులు వస్తాయి. కొందరికి నియోప్రీన్ తయారీలో వాడే రసాయనాలు పడక, సూట్ తగిలిన చోటల్లా దురదతో దద్దుర్లు లేస్తాయి. అలా వచ్చినవారు చర్మవైద్యునికి చూపించుకొనేటప్పుడు సూట్ వాడిన సంగతి చెప్పాలి. మోకాలి పట్టీ, నడుము పట్టీ వంటివి కూడా తరచు నియోప్రీన్‌తోనే చేస్తారు గనుక, అవి వాడే అలవాటు ఉంటే అదీ చెప్పాలి.