బరువు తగ్గిన తరువాత బహిష్టు ఆగిపోతే?

స్త్రీ శరీరంలో ఋతుధర్మం ఆరోగ్యానికి అద్దం వంటిది. నెలనెలా సకాలంలో బహిష్టు అవుతున్నదంటే ఆ దేహానికి ఆహారం, నిద్ర, విశ్రాంతి తగినంతగా లభిస్తున్నాయని సాధారణంగా భావించవచ్చు. అది హఠాత్తుగా ఆగిపోయిందంటే శరీరం ఏదో చెప్పదలచుకున్నదని గ్రహించాలి.

లావుగా ఉన్నామన్న దిగులుతోనో, పెళ్ళిచూపులు దగ్గరపడుతున్నాయనో, స్నేహితురాళ్ళను చూసియో నేడు అనేకమంది యువతులు ఆహారాన్ని విపరీతంగా తగ్గించివేస్తున్నారు. ఉదయం ఒక కప్పు కాఫీ, మధ్యాహ్నం రెండు పుల్కాలు, రాత్రికి కీరాముక్కలు. దీనికితోడు గంటల తరబడి జిమ్‌లో వ్యాయామం. నాలుగైదు నెలల్లో పది, పన్నెండు కిలోల బరువు తగ్గుతుంది. చూసినవారందరూ మెచ్చుకుంటారు. కాని ఆ నెలల్లోనే బహిష్టు క్రమం తప్పి, ఆపై పూర్తిగా నిలిచిపోతుంది. ఇంట్లో చెప్పుకోవడానికి బిడియం. కొందరికైతే ఆ బాధ తప్పిందన్న సంతోషం కూడా. ఈ మౌనమే అన్నిటికంటే ప్రమాదకరం. ఎందుకంటే ఆగింది ఋతుస్రావం ఒక్కటే కాదు. లోపల ఎముకలు కూడా బలహీనపడడం మొదలవుతుంది.

ఆయుర్వేద దృష్టి

మనం భుజించిన అన్నం జీర్ణమై మొదట రసధాతువు ఏర్పడుతుంది. దానినుండి క్రమంగా రక్తం, మాంసం, మేదస్సు, అస్థి, మజ్జ, శుక్రం అనే ధాతువులకు పోషణ లభిస్తుంది. ఆర్తవం, స్తన్యం అనే రెండూ రసధాతువుకు ఉపధాతువులని శాస్త్రం చెప్పింది. అనగా రసం సమృద్ధిగా ఉంటేనే ఆర్తవం ఉంటుంది.

ధాతువులకు పోషణ అందే తీరును మన ఆచార్యులు పొలానికి నీరు పారే తీరుతో పోల్చారు. దీనికే కేదారీకుల్యా న్యాయమని పేరు. చెరువు నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరు మొదటి మడి మొదలుకొని చివరి మడి వరకు పారుతుంది. చెరువులో నీరు తగ్గితే ముందుగా ఎండిపోయేది చివరి మడే. శరీరంలోనూ అంతే. ఆహారం చాలనప్పుడు గుండె, మెదడు వంటి ప్రాణాధారమైన అవయవాలకు ఉన్న శక్తిని సమకూర్చి, సంతానోత్పత్తికి సంబంధించిన వ్యవస్థకు శరీరం సరఫరా తగ్గించివేస్తుంది. ఇది రోగం కంటే ముందు ఆత్మరక్షణ.

బహిష్టు ఆగిపోవడానికి రెండు విధాలైన కారణాలను సుశ్రుత సంహితలో చూడవచ్చు. దోషాలు మార్గాన్ని ఆవరించడం వలన ఆర్తవం కనిపించకపోవడం ఒకటి. ఆర్తవమే క్షీణించడం రెండవది. మొదటిది కాలువకు అడ్డుపడిన పూడిక వంటిది. రెండవది చెరువే ఎండిపోవడం వంటిది. అతిగా బరువు తగ్గిన వారిలో కనిపించేది ఎక్కువగా ఈ రెండవదే. ఈ భేదాన్ని తెలుసుకోవడంలోనే చికిత్స అంతా ఇమిడి ఉన్నది.

ఆధునిక వైద్యం చెప్పేది

మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుండి తాళం వేసినట్లు నియమిత వ్యవధిలో ఒక హార్మోన్ వెలువడుతూ ఉంటుంది. దాని ప్రేరణతో పిట్యూటరీ గ్రంథి, పిట్యూటరీ ప్రేరణతో అండాశయాలు పనిచేస్తాయి. శరీరంలోని కొవ్వు కణాలు లెప్టిన్ అనే హార్మోన్‌ను ఉత్పత్తి చేసి, దేహంలో నిల్వలు ఎంతున్నాయో మెదడుకు తెలియజేస్తాయి. ఈ లెప్టిన్‌ను 1994లో కనుగొన్నారు. నిల్వలు తగ్గి, తిండి తగ్గి, శ్రమ, మానసిక ఆందోళన పెరిగినప్పుడు హైపోథాలమస్ తన తాళాన్ని మందగింపజేస్తుంది. అండం విడుదల కాదు. ఈస్ట్రోజెన్ తగ్గిపోతుంది. బహిష్టు ఆగిపోతుంది.

దీనికి నెలల తరబడి ఉపవాసం అక్కరలేదు. అమెరికాలో 2003లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, క్రమంగా బహిష్టు అవుతున్న ఆరోగ్యవంతులైన యువతులకు వ్యాయామం పెంచి ఆహారం తగ్గించగా, కేవలం ఐదు రోజులలోనే ఈ హార్మోన్ల లయ దెబ్బతిన్నట్లు గమనించారు. కనుక మరీ సన్నగా లేనివారికి కూడా, తక్కువ కాలంలో ఎక్కువ బరువు తగ్గితే ఈ పరిస్థితి రావచ్చు.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో సూచించిన ప్రకారం 55 కిలోల బరువుండి, తేలికపాటి పనులు చేసుకొనే స్త్రీకి రోజుకు సుమారు 1660 కేలరీలు అవసరం. మధ్యస్థంగా శ్రమించే స్త్రీకి 2130 కేలరీలు కావాలి. రోజుకు 800, 900 కేలరీలతో సరిపెట్టుకుంటూ గంటసేపు పరుగెత్తే యువతి శరీరానికి మిగిలేది ఎంతో పాఠకులే లెక్కవేసుకోవచ్చు.

ముందుగా నిర్ధారించుకోవలసినవి

బహిష్టు ఆగిన ప్రతిసారీ ఉపవాసమే కారణమని అనుకోరాదు. వివాహిత స్త్రీలు, గర్భధారణకు అవకాశమున్న వారందరూ మొట్టమొదట గర్భ నిర్ధారణ పరీక్ష చేయించుకోవాలి. మూడు నెలలుగా బహిష్టు కాకపోతే స్త్రీ వైద్య నిపుణులను సంప్రదించి థైరాయిడ్, ప్రొలాక్టిన్, ఎఫ్.ఎస్.హెచ్., ఎల్.హెచ్., ఈస్ట్రోజెన్ పరీక్షలు, రక్తహీనత పరీక్ష చేయించుకోవడం అవసరం.

ప్రయత్నించకుండానే బరువు తగ్గినట్లయితే థైరాయిడ్ అధికంగా పనిచేయడం, మధుమేహం, క్షయ వంటి వ్యాధులున్నాయేమో చూడాలి. రొమ్ముల నుండి పాలవంటి ద్రవం రావడం, తలనొప్పితోపాటు చూపు మసకబారడం, ముఖంపై అవాంఛిత రోమాలు పెరగడం, స్పృహ తప్పడం వంటి లక్షణాలుంటే ఆలస్యం చేయరాదు.

ఇక్కడ మరొక విషయం. అధిక బరువు, పి.సి.ఓ.డి. ఉన్న స్త్రీలకు బరువు తగ్గడం వలన బహిష్టు సక్రమమవుతుంది. కాని ఆహారలోపం వలన బహిష్టు ఆగినవారికి కూడా స్కానింగ్‌లో అండాశయాలలో చిన్న చిన్న నీటిబుడగలు కనిపించవచ్చు. ఆ ఒక్క స్కానింగ్ చూసి పి.సి.ఓ.డి. అనుకొని, ఇంకా తిండి తగ్గించినట్లయితే ఎండిన చెరువును మరింత ఎండగట్టినట్లే. బరువు తగ్గకముందు బహిష్టు క్రమంగా వచ్చేదా, ఎంతకాలంలో ఎన్ని కిలోలు తగ్గింది అన్న వివరాలను వైద్యునికి తప్పక చెప్పాలి.

"దింపే" మందులు వద్దు

పచ్చి బొప్పాయి, ఇంగువ, నల్లజీలకర్ర కషాయం మొదలైనవి ఇచ్చి బహిష్టును రప్పించాలని ఇంట్లోని పెద్దలు తొందరపడడం కద్దు. కలబంద, అన్నభేది, వెలిగారం, ఇంగువలతో తయారయ్యే రజఃప్రవర్తినీ వటి వంటి ఔషధాలు మార్గావరోధం ఉన్న సందర్భాలకు ఉద్దేశించబడినవి. చెరువులో నీరు లేనప్పుడు తూము ఎత్తినందువలన ప్రయోజనమేమిటి? పైగా గర్భం ఉన్న సంగతి తెలియక వాడితే ప్రమాదం.

హార్మోన్ మాత్రల విషయం కూడా ఇటువంటిదే. మాత్రలు వాడి ఆపగానే స్రావం కనిపిస్తుంది. అది మాత్రల వలన కలిగినదే కాని, అండాశయాలు తిరిగి పనిచేయడం మొదలుపెట్టాయనడానికి గుర్తు కాదు. ఎముకల రక్షణ కొరకు వైద్యులు హార్మోన్ చికిత్స సూచించిన సందర్భంలో దానిని సొంతంగా ఆపివేయరాదు. అయితే ఆహారాన్ని సరిదిద్దుకోవడానికి అది ప్రత్యామ్నాయం మాత్రం కాదు.

ఆహార విధి

అతికృశులైన వారికి చేయవలసిన ఉపచారాలను చరక సంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో వివరించారు. పాలు, పెరుగు, నెయ్యి, వరి అన్నం, గోధుమ, మినుములు, బెల్లంతో చేసిన పదార్థాలు, తైలాభ్యంగం, సుఖమైన నిద్ర, వ్యాయామం నుండి, చింత నుండి విరామం, మనసుకు సంతోషం. నేటి వైద్యులు ఈ స్థితికి చెప్పే చికిత్స కూడా ఇంచుమించు ఇదే కావడం గమనార్హం.

చాలాకాలం తక్కువ తిన్నవారికి జఠరాగ్ని మందగించి ఉంటుంది. ఒక్కసారిగా ఎక్కువ తింటే కడుపుబ్బరం కలుగుతుంది. కనుక రోజుకు మూడు భోజనాలు, రెండు మూడు ఫలహారాలుగా విభజించుకొని వారం వారం పరిమాణం పెంచుకోవాలి. భోజనానికి ముందు చిన్న అల్లం ముక్కను సైంధవ లవణంతో నమిలి తినడం మంచిది.

ఉదయం లేచిన గంటలోపు: పాలు, నానబెట్టిన బాదం లేదా ఖర్జూరం.

ఫలహారం: నేతితో ఇడ్లీ లేదా పెసరట్టు ఉప్మా, వేరుశెనగ పచ్చడి.

మధ్యాహ్నం: కడుపునిండా అన్నం, ముద్దపప్పు, రెండు చెంచాల నెయ్యి, ఆకుకూర, గడ్డ పెరుగు. మాంసాహారులు గుడ్డు, చేప తీసుకోవచ్చు.

సాయంత్రం: అరటిపండుతోపాటు సున్నుండ లేదా చిమ్మిలి.

రాత్రి: అన్నం లేదా చపాతీ, కూర, పప్పు, పడుకొనే ముందు గోరువెచ్చని పాలు.

ఏకాదశి, శనివారం వంటి ఉపవాసాలను బహిష్టు క్రమపడేవరకు వాయిదా వేసుకోవాలి. ఆకలిని చంపుకోవడానికి కాఫీ, టీ తాగే అలవాటు మానాలి.

గృహయోగాలు

1. మినప సున్నుండలు: పొట్టు మినుములు 250 గ్రాములు సన్నని సెగపై కమ్మని వాసన వచ్చేవరకు వేయించి, మెత్తగా విసరాలి. తురిమిన బెల్లం 200 గ్రాములు కలిపి, కరిగించిన నెయ్యి 150 గ్రాములు కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు కట్టాలి. రోజుకు ఒకటి లేక రెండు తినాలి.

2. నువ్వుల చిమ్మిలి: దోరగా వేయించిన నువ్వులు 200 గ్రాములు, బెల్లం 150 గ్రాములు, రెండు ఏలకులు కలిపి దంచి ఉండలు చేయాలి. రోజుకు ఒకటి చాలు. ఆడపిల్ల పుష్పవతి అయినప్పుడు చిమ్మిలి పెట్టే ఆచారం మనకున్నది. ఎదిగే దేహానికి కొవ్వు, సున్నం, ఇనుము కావాలన్న ఎరుక అందులో ఉన్నది. ఆ చిమ్మిలినే లావు చేస్తుందని ఇప్పుడు దూరం పెడుతున్నాం.

3. శతావరి పాలు: పిల్లిపీచర గడ్డల చూర్ణం 3 గ్రాములు, చిటికెడు శొంఠి కప్పు పాలలో మరిగించి, పటికబెల్లం చేర్చి రాత్రిపూట సేవించాలి. గర్భం లేదని నిర్ధారించుకొని, ఆయుర్వేద వైద్యుని సలహాతోనే దీనిని వాడాలి. రొమ్ములో గాని, గర్భాశయంలో గాని గడ్డలున్నవారు వాడరాదు.

ఈ మూడూ ఆహారానికి తోడుగా తీసుకోవలసినవే తప్ప, భోజనం మాని తినవలసినవి కావు.

విహారం

పరుగు, తాడాట, బరువులెత్తడం వంటివి కొన్ని నెలలు ఆపివేయాలి. ఇరవై నిమిషాల తేలికపాటి నడక, శవాసనం, భ్రామరీ ప్రాణాయామం చాలు. వారానికి రెండుసార్లు నువ్వులనూనెతో ఒళ్ళంతా మర్దన చేసుకొని గోరువెచ్చని నీటితో తలంటుకోవాలి. రాత్రి ఎనిమిది గంటల నిద్ర అవసరం. రోజూ బరువు తూచుకోవడం మానాలి.

సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: ఎంతకాలానికి బహిష్టు తిరిగి వస్తుంది?
జవాబు: కొందరికి రెండు మూడు నెలల్లో, మరికొందరికి ఆరు నెలల నుండి సంవత్సరం వరకు పట్టవచ్చు. బహిష్టు ఆగిన నాటి బరువును దాటి మరికొంత పెరగవలసి రావచ్చు. చేతులు కాళ్ళు వెచ్చబడడం, జుట్టు రాలడం తగ్గడం, గాఢనిద్ర, తెల్లసొనవలె సాగే యోనిస్రావం శుభ సూచనలు. మొదటి కొన్ని నెలలు క్రమం తప్పినా కంగారుపడనవసరం లేదు.

ప్రశ్న: బహిష్టు లేదు కనుక గర్భం రాదు కదా?
జవాబు: పొరపాటు. అండం విడుదలైన తరువాతే మొదటి బహిష్టు వస్తుంది. అందువలన ఆ బహిష్టు రాకముందే గర్భం నిలిచే అవకాశమున్నది.

ప్రశ్న: కాల్షియం మాత్రలు వాడితే ఎముకలకు సరిపోదా?
జవాబు: కాల్షియం, విటమిన్ డి అవసరమే. కాని ఈస్ట్రోజెన్ లేనప్పుడు అవి మాత్రమే ఎముకలను కాపాడలేవు. ఎముకలు గరిష్ఠమైన బలం సంతరించుకొనే ఇరవైలలోపు వయసులో ఈ నష్టం జరిగితే పూర్తిగా పూడ్చుకోవడం కష్టం. ఆరు నెలలకు మించి బహిష్టు లేనివారు ఎముకల సాంద్రత పరీక్ష గురించి వైద్యుని అడగాలి.

ప్రశ్న: మళ్ళీ లావైపోనా?
జవాబు: స్థూలకాయం తగ్గించుకోవడం తప్పు కాదు. అతి కృశత్వం కూడా వ్యాధే. నెలనెలా బహిష్టు సక్రమంగా వస్తూ, ఉత్సాహంగా పనిచేసుకోగల బరువే మీకు సరైన బరువు.

కుటుంబ సభ్యులకు మనవి

తినాలంటే భయం, తిన్న తరువాత రహస్యంగా వాంతి చేసుకోవడం, ఎముకలు కనిపిస్తున్నా లావుగా ఉన్నాననడం మొండితనం కాదు. అది చికిత్స అవసరమైన మానసిక వ్యాధి. మానసిక వైద్యుని సహాయం తీసుకోవడానికి సంకోచించరాదు. బాగా క్షీణించినవారికి ఒక్కసారిగా అధికాహారం పెట్టడం ప్రాణాపాయం కావచ్చు. వారికి ఆసుపత్రిలో వైద్యుల పర్యవేక్షణలోనే ఆహారం పెంచాలి.

అమ్మాయి సన్నబడిందని మెచ్చుకొనే ముందు, నెలసరి సక్రమంగా వస్తున్నదా అని తల్లి ఒక్కమాట అడగాలి. రాని బహిష్టును మందులతో బలవంతంగా రప్పించడం కాదు, అది తనంతట తానుగా రాగలిగిన స్థితిని దేహానికి కల్పించడమే నిజమైన చికిత్స. చెరువు నిండిననాడు చివరి మడికి నీరు తప్పక చేరుతుంది.