పేరుకు తగ్గ బండ్లు... తుక్కుకు దగ్గరైన చరిత్ర

15 ఏళ్లకు తుక్కు, 50 ఏళ్లకు వారసత్వం: మధ్యలో 35 ఏళ్ల అగాధం

ముంబయి: చిత్తోడు రాణి పద్మిని కథ దేశమంతటా ప్రసిద్ధమే. శత్రువుకు చిక్కడం ఇష్టంలేక ఆమె అగ్నిప్రవేశం చేసిందని ఐతిహ్యం. ఆ రాణి పేరు పెట్టుకున్న కారుకు సైతం చివరికి కొలిమే గతి అయింది. ముంబయి వీధుల్లో దాదాపు ఆరు దశాబ్దాలు తిరిగిన నలుపు-పసుపు టాక్సీల్లో ఆఖరి ప్రీమియర్ పద్మిని 2023 అక్టోబరు నెలాఖరున విధుల నుంచి తప్పుకొంది. నగరంలో టాక్సీకి 20 ఏళ్లు వయో పరిమితి. చిట్టచివరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరులో రిజిస్టరయింది. గడువు తీరడంతో దానికీ విశ్రాంతి తప్పలేదు. తుక్కు దుకాణాలకు చేరిన దాని తోబుట్టువులకు లెక్కలేదు. కనీసం ఒక్క బండినైనా భద్రపరచాలని టాక్సీ డ్రైవర్ల సంఘం ప్రభుత్వానికి విన్నవించుకున్నా ఫలితం లేకపోయింది.

పేరుకు తగిన గుణం ఉన్నవారిని మన పెద్దలు సార్థక నామధేయులన్నారు. మనుషులకు వర్తించే ఈ మాట మోటారు కార్లకూ వర్తిస్తుందనడానికి భారతదేశపు రోడ్ల మీద నిదర్శనాలు అనేకం. అయితే ఈ పేర్లు మోసిన బండ్లను ఏం చేయాలన్న ప్రశ్నకు మాత్రం చట్టం వద్ద సంతృప్తికరమైన సమాధానం కానరావడం లేదు.

రాయబారి నుంచి వాయుపుత్రుడి దాకా

పద్మిని అసలు ఇటలీ ఆడపడుచు. ఫియట్ సంస్థ లైసెన్సుతో బొంబాయిలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ 1964లో ఫియట్ 1100 డిలైట్ పేరిట దీని ఉత్పత్తి ప్రారంభించింది. ఒప్పందం గడువు ముగిసి విదేశీ పేరు వాడుకునే వీలు లేకపోవడంతో 1973లో 'ప్రీమియర్ ప్రెసిడెంట్' అయింది. మరుసటి ఏడాదే రాష్ట్రపతి పదవి వదులుకొని రాణి అవతారమెత్తింది.

అంబాసిడర్‌ది మరో కథ. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో ఏర్పడింది. గుజరాత్‌లోని ఓఖా రేవులో కార్ల కూర్పుతో మొదలై, 1948లో కలకత్తా సమీపంలోని ఉత్తరపారాకు తరలింది. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనా ఆధారంగా 1957లో అంబాసిడర్‌ను తెచ్చింది. రాయబారి అని పేరు పెట్టినందుకు ఆ కారు అర్ధ శతాబ్దం పాటు నిజంగానే రాజ్యం తరఫున తిరిగింది. తెల్ల రంగు, పైన ఎర్ర దీపం, కిటికీలకు తెరలు: పల్లెటూళ్లో ఆ కారు ఆగితే వచ్చింది మంత్రిగారో కలెక్టరుగారో అని జనం ముందే గ్రహించేవారు. 1980 దశకం మధ్యలో ఏడాదికి 24 వేల వరకు అమ్ముడైన ఈ కారు, 2013-14 నాటికి రెండు వేల పైచిలుకుకు పడిపోయింది. 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోయింది. 2017లో 'అంబాసిడర్' అనే పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో సంస్థ రూ.80 కోట్లకు కొనుక్కుంది. కారు పోయినా పేరుకు ఇంత ధర పలకడం విశేషం.

పేరు బలం పూర్తిగా పనిచేసింది మారుతికే అనాలి. 1971లో సంజయ్ గాంధీ నెలకొల్పిన మారుతి సంస్థ కారు తయారు చేయకుండానే మూతపడింది. 1981లో ప్రభుత్వ రంగంలో మారుతి ఉద్యోగ్‌గా అది పునర్జన్మ ఎత్తింది. లక్ష్మణుడికి ప్రాణం పోయడానికి సంజీవనిని మోసుకొచ్చిన దేవుడి పేరు వృథా పోలేదు. జపాన్‌కు చెందిన సుజుకితో 1982లో ఒప్పందం కుదిరింది. 1983 డిసెంబరు 14న నాటి ప్రధాని ఇందిరాగాంధీ తొలి మారుతి 800 తాళం చెవిని ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి ఒకరికి అందజేశారు. 2014లో తయారీ ఆపేనాటికి ఈ మోడల్ పాతిక లక్షలకు పైగా తయారైంది.

అన్ని పేర్లూ ఇంత అచ్చిరాలేదు. బెంగుళూరులో 1970 దశకంలో ఫైబర్ గ్లాసుతో తయారైన మూడు చక్రాల కారుకు 'బాదల్' అని పేరు. బాదల్ అంటే మేఘం. కొద్ది కాలానికే అది మేఘంలాగే తేలిపోయింది. మద్రాసులోని స్టాండర్డ్ మోటార్స్ 1985లో 'స్టాండర్డ్ 2000' అనే పెద్ద కారు తెచ్చింది. ఆ అంకె ఇంజను పరిమాణాన్ని సూచించేదే అయినా, అదేదో భవిష్య వాణి అనుకున్నవారికి నిరాశే మిగిలింది. 2000 సంవత్సరం చూడకుండానే ఆ కారు కనుమరుగైంది.

స్పార్కు ప్లగ్గు లేని ఇంజనీరు

పేరుకు, వృత్తికి గల ఈ చుట్టరికాన్ని లండన్ నుంచి వెలువడే 'న్యూ సైంటిస్ట్' పత్రిక 1994లో సరదాగా ప్రస్తావించి, దానికొక శాస్త్రీయమైన పేరు కూడా పెట్టింది. నిజానికి ఈ విషయంలో పార్సీలు అందరికంటే ముందున్నారు. వృత్తినే ఇంటిపేరుగా పెట్టుకోవడం వారిలో ఆనవాయితీ. ఇంజనీరు, కంట్రాక్టరు, డ్రైవరు వంటి ఇంటిపేర్లు వారిలో సర్వసాధారణం.

వారిలో ఒకరు అస్పీ ఇంజనీర్. ఇంగ్లండు, ఇండియాల మధ్య ఒంటరిగా విమానం నడిపిన తొలి భారతీయుడికి 1929లో ఆగాఖాన్ బహుమతి ప్రకటించారు. అస్పీ ఇంగ్లండు నుంచి బయలుదేరగా, జె.ఆర్.డి.టాటా ఇటునుంచి బయలుదేరారు. ఈజిప్టులోని అబూకీర్ వద్ద ఇద్దరూ కలుసుకున్నారు. ఇంజనీరు గారి విమానం స్పార్కు ప్లగ్గు లేక అక్కడ నిలిచిపోయి ఉంది. టాటా తన వద్దనున్న అదనపు ప్లగ్గు ఇచ్చి సాగనంపారు. కొద్ది గంటల తేడాతో బహుమతి అస్పీకే దక్కింది. ప్రత్యర్థికి ప్లగ్గు ఇచ్చి టాటా పందెం ఓడిపోయారు. తర్వాత విమానయాన సంస్థను స్థాపించి దేశానికి మార్గదర్శి అయ్యారు. అస్పీ ఇంజనీర్ 1960లో వైమానిక దళాధిపతి అయ్యారు.

ఫార్ములా వన్ పందేల్లో పాల్గొన్న తొలి భారతీయుడు కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్. వినాయక చవితి కథ విన్న ప్రతివారికీ కార్తికేయుడు మయూర వాహనంపై లోకాలు చుట్టిన పందెం తెలిసిందే. అక్కడ కుమారస్వామి వేగంగా తిరిగినా విజయం దక్కలేదు. ఇక్కడ 2005లో ఇండియానాపోలిస్ పందెంలో టైర్ల వివాదం కారణంగా 20 కార్లలో 14 తప్పుకొన్నాయి. మిగిలిన ఆరింటిలో కార్తికేయన్ నాలుగో స్థానంలో నిలిచి 5 పాయింట్లు గెలుచుకున్నారు. ఆయన తండ్రి జి.ఆర్.కార్తికేయన్ కూడా పేరొందిన ర్యాలీ డ్రైవరే. అదే రంగంలో 2006లో అడుగుపెట్టిన అమెరికన్ యువకుడి ఇంటిపేరు ఏకంగా 'స్పీడ్'. ఆయన పూర్తి పేరు స్కాట్ స్పీడ్.

పాత కార్లు సేకరించినవారిలో అహ్మదాబాద్ సమీపంలోని కఠ్వాడాలో మ్యూజియం నెలకొల్పిన ప్రాణ్‌లాల్ భోగిలాల్‌ను (మరణం 2011) మించిన సార్థక నామధేయుడు లేడు. నూటికి పైగా రాచరికపు కార్లు గల భోగి ఆయన. హర్యానాలోని తావ్‌డూ వద్ద 2013లో హెరిటేజ్ ట్రాన్స్‌పోర్ట్ మ్యూజియాన్ని ప్రారంభించిన వ్యక్తి పేరు మాత్రం దీనికి విరుద్ధం. తరుణ్ ఠక్రాల్ సేకరించినవన్నీ ముదుసలి వాహనాలే!

ఆవిరి కక్కిన హంస

ముచ్చటపడి ప్రత్యేకంగా కార్లు చేయించుకునే సరదా కొత్తది కాదు. కలకత్తాలో స్థిరపడిన ఆర్.ఎన్.మాథ్యూసన్ అనే సంపన్న ఆంగ్లేయుడు 1910లో ఇంగ్లండులోని బ్రూక్ కంపెనీ చేత హంస ఆకారంలో కారు చేయించాడు. ముక్కులోంచి వేడి ఆవిరి ఎగజిమ్మేది. వెనుక నుంచి సున్నపు నీళ్లు రోడ్డు మీద జారవిడిచే ఏర్పాటు కూడా చేశారు. అది ఎందుకో హంస స్వభావం ఎరిగినవారు ఊహించుకోగలరు. జనం గుమిగూడి గందరగోళం కావడంతో పోలీసులు ఆ కారును వీధుల్లోకి రాకుండా నిషేధించారు. తర్వాత నాభా మహారాజా దానిని కొనడంతో అది అక్షరాలా రాజహంస అయింది. ప్రస్తుతం నెదర్లాండ్స్‌లోని ది హేగ్ నగరంలో గల లౌమన్ మ్యూజియంలో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా ఆర్డరిచ్చిన పసుపు పచ్చని రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ మాత్రం ఊరు దాటలేదు. సింహాసనం వంటి ఆసనం గల ఆ కారు హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది.

అదే హైదరాబాద్‌లో కె.సుధాకర్ ఈ సరదాను సామాన్యుడి చేతికి దించారు. బహదూర్‌పురాలో ఆయన నెలకొల్పిన సుధా కార్స్ మ్యూజియంలో క్రికెట్ బంతి, బర్గరు, ఎత్తు మడమల చెప్పు, బిలియర్డ్స్ బల్ల ఆకారాల్లో వాహనాలు కొలువుదీరాయి. తుక్కు సామాను నుంచి ఏరుకొచ్చిన భాగాలతో చేసినవి వీటిలో చాలా ఉన్నాయి. 2005 జులై 1న ఆయన తొక్కిన 41 అడుగుల 7 అంగుళాల ఎత్తు మూడు చక్రాల సైకిలు గిన్నిస్ రికార్డుకెక్కింది. మిగతావారు తుక్కుగా లెక్కగట్టిన దానిలో ఆయనకు బండి కనిపించింది.

చట్టం కంటికి ఆనని వయసు

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతోంది. దేశ రాజధాని ప్రాంతంలో 10 ఏళ్లు దాటిన డీజిల్ వాహనాలు, 15 ఏళ్లు దాటిన పెట్రోలు వాహనాలు తిరగరాదన్న జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశాలను సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో బలపరిచింది. కేంద్రం 2021 ఆగస్టులో తుక్కు విధానాన్ని ప్రారంభించింది. కాలం చెల్లిన వాహనాలకు ఇంధనం పోయరాదంటూ ఢిల్లీలో 2025 జులై 1న అమల్లోకి వచ్చిన ఉత్తర్వు ప్రజల నిరసనతో రోజుల్లోనే ఆగింది. వివాదం మళ్లీ సుప్రీంకోర్టుకెక్కింది. ఢిల్లీ ప్రజలు పీల్చే గాలి దృష్ట్యా ఈ కట్టుబాట్లను తేలిగ్గా తీసివేయడానికి వీల్లేదు.

మరోవైపు పాతకాలపు వాహనాల కోసం కేంద్రం 2021 జులైలో మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాహనాలకు 'వింటేజ్' హోదా లభిస్తుంది. రిజిస్ట్రేషన్ రుసుము రూ.20 వేలు, పదేళ్లకు చెల్లుతుంది. పునరుద్ధరణకు రూ.5 వేలు. నంబరు పలకపై రాష్ట్రం కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలుంటాయి. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం నింపుకోవడానికి తప్ప రోజువారీగా నడపరాదు.

ఈ రెండు విధానాలకు మధ్య 35 ఏళ్ల అగాధం ఉంది. ఢిల్లీలో ఒక పెట్రోలు కారు 15వ ఏట దోషిగా నిలిచి, 50వ ఏట వారసత్వ సంపద అవుతుంది. మధ్యకాలంలో దానిని రోడ్డెక్కించకుండా, తుక్కుకు వేయకుండా దాచుకోగలిగేది పెద్ద గ్యారేజీ గల సంపన్నులే. ఈ లెక్కన తొలి విడత మారుతి 800లకు వింటేజ్ హోదా రావడానికి 2033 దాకా ఆగాలి. ఆఖరి అంబాసిడర్లకు 2064 దాకా ఎదురుచూపు తప్పదు.

మరో రెండు వర్గాలకు ఆ దారి కూడా లేదు. బండి అసలు రూపంలోనే ఉండాలనీ, ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు చేసి ఉండరాదనీ నిబంధన. అందువల్ల ముచ్చటపడి రూపం మార్పించుకున్న కార్లు వింటేజ్ కాలేవు. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చిన వాహనాలు చెల్లవని సుప్రీంకోర్టు 2019 జనవరిలోనే స్పష్టం చేసింది. ఇక నిర్వచనం సొంత వాహనాలకే పరిమితం కాబట్టి టాక్సీలకు చోటు లేదు. మహారాజులు ఎక్కిన కారు చరిత్ర అవుతుంది. లక్షలాది సామాన్యులు ఎక్కి దిగిన పద్మిని టాక్సీ కాలేకపోతోంది.

నిలిచిన బండి చెప్పే నీతి

మారుతి తొలి కారు ఉదంతం ఇందుకు నిదర్శనం. యజమాని 2010లో మరణించాక అది ఢిల్లీలో రోడ్డు పక్కన తుప్పుపట్టింది. చివరకు కంపెనీయే దానికి పూర్వరూపం తెచ్చి తన ప్రధాన కార్యాలయంలో ప్రదర్శనకు ఉంచింది. సంస్థ పూనుకొనకపోతే దేశ పారిశ్రామిక చరిత్రలో ఒక మైలురాయి ఇనుప సామాను బరువు కింద జమ అయ్యేది.

సికింద్రాబాద్‌తో అనుబంధం గల మరో వాహనం కూడా ఇదే చెబుతోంది. 1914లో ఇంగ్లండులో జాన్ మోరిస్ కంపెనీ తయారు చేసిన అగ్నిమాపక యంత్రం ఒకటి నిజాం స్టేట్ రైల్వేకు వచ్చింది. 1960 ప్రాంతం వరకు అక్కడ సేవలందించి, తర్వాత ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియం చేరింది. 1964లో మొదలైన స్టేట్స్‌మన్ పాతకార్ల ర్యాలీలో గంట మోగించుకుంటూ పాల్గొని పలుమార్లు ప్రేక్షకుల మన్ననలందుకుంది. అది రాజుగారి విహార వాహనం కాదు. పనిచేసి అలసిన బండి. ఒక ప్రభుత్వ సంస్థ పూనుకొని దాచినందునే అది మంటలార్పే పని నుంచి తప్పుకున్నాక కూడా కొలిమి పాలు కాకుండా నిలిచింది. పద్మిని టాక్సీకి డ్రైవర్లు కోరిన భాగ్యం అంతకు మించినదేమీ కాదు.