ఎరుపా, నీలమా? వాహనం లోపలి రంగును గురించి

వాహనమనగానే ఎవరి దృష్టి అయినా ముందుగా దాని పైరంగు మీదనే నిలుస్తుంది. కొత్తగా కారు కొన్నవారిని "ఏ రంగు తీసుకున్నారు?" అని అడిగే బంధుమిత్రుల ఉద్దేశం కూడా పైరంగే. కాని యజమాని ఆ రంగును చూసేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు మాత్రమే. తక్కిన సమయమంతా ఆయన కళ్లెదుట ఉండేది లోపలి రంగు. ఇద్దరు మాత్రమే కూర్చునే స్పోర్ట్స్ కారు విషయంలో ఇది మరీ నిజం. అందులో కూర్చున్నవారికి తల తిప్పితే తలుపు, చేయి చాస్తే డాష్‌బోర్డు. పైకప్పు తెరచుకునే రకమైతే ఆ లోపలి రంగు దారిన పోయేవారికి కూడా దర్శనమిస్తుంది.

ఇటువంటి విషయానికి ఖరగ్‌పూర్‌ను వేదికగా తీసుకోవడం పాఠకులకు వింతగా తోచవచ్చు. గోల్‌బజారు సందులలో టోటోల మధ్య స్పోర్ట్స్ కారు కనిపించడం అరుదే. అయితే మనుషులు కూర్చునే చోటు ఏ రంగులో ఉండాలి, ఆ రంగు ఎంతకాలం నిలవాలి అనే చింత ఆ ఊరి దినచర్యలో ఒక భాగం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో, 20వ శతాబ్ది ఆరంభ సంవత్సరాలలో నెలకొన్న అక్కడి కర్మాగారానికి నేటికీ బోగీలు మరమ్మతుకు వస్తూనే ఉన్నాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు ఎన్నో తరాలుగా ఈ రైల్వే పనులలో చెమటోడ్చాయి. తాతగారు, తండ్రిగారు, తాను వరుసగా రైల్వేలోనే పనిచేశామని చెప్పే తెలుగువారు అక్కడ కొల్లలు.

బోగీ నిర్ణీత కాలానికి ఒకసారి పూర్తి మరమ్మతుకు వచ్చినప్పుడు పాడైన సీట్లను, బెర్తులను విప్పి, కొత్త రెక్సిన్ తొడుగుతారు. బ్లేడుతో కోసిన గాట్లు, తినుబండారాల మరకలు, కొబ్బరినూనె తలలు ఆనిన జిడ్డు, ఇవన్నీ ఆ రెక్సిన్ మీద చరిత్రగా నమోదై ఉంటాయి. స్లీపర్ తరగతిలో మనం దశాబ్దాలుగా చూస్తున్న ఆ నీలిరంగును ఎవరూ అందమైనదని పొగడగా మేము వినలేదు. అయినా మరకను మరీ దాచక, మరీ చూపక, రాత్రంతా ప్రయాణించేవారి కంటికి బరువు కాక అది తన పని తాను చేసుకుపోతున్నది. బయటి రంగుల సంగతి వేరు. 1990లలో వాక్యూమ్ బ్రేకుల స్థానంలో ఎయిర్ బ్రేకులు వస్తున్న దశలో బోగీల మెరూన్ రంగు క్రమంగా నీలానికి మారింది. ఆ మార్పును ప్లాట్‌ఫారం మీద నిలబడినవారు సైతం గమనించారు. లోపలి రంగు మారితే తెలిసేది కూర్చున్నవారికే.

అటువంటి లోపలి మార్పు ఒకటి ఇటీవలనే జరిగింది. 2023లో వందే భారత్ రైళ్లకు చేసిన మెరుగుదలలలో, ఎగ్జిక్యూటివ్ తరగతి కుర్చీల రంగును ఎరుపు నుండి నీలానికి మార్చడం ఒకటి. కుర్చీ మరింత వెనుకకు వాలేటట్లు చేయడం, మెత్తదనాన్ని సరిచేయడం, వాష్‌బేసిన్ లోతు పెంచడం వంటి వాటి సరసన రంగు కూడా చోటు సంపాదించుకోవడం మాకు ఆసక్తికరంగా తోచింది. అంటే రంగును అలంకారంగా గాక, నడుముకు ఊతమిచ్చే దిండు వంటి సౌకర్యంగా లెక్కించారన్నమాట. (అదే ఏడాది మే నెలలో మొదలైన హౌరా - పూరీ వందే భారత్ ఖరగ్‌పూర్‌లో ఆగుతుంది.)

ఎరుపు అసలు స్పోర్ట్స్ కార్ల సొత్తు. పూర్వం అంతర్జాతీయ పందేలలో దేశానికొక రంగు ఉండేది. ఇటలీకి ఎరుపు, బ్రిటన్‌కు ఆకుపచ్చ, ఫ్రాన్సుకు నీలం, జర్మనీకి తెలుపు, పిమ్మట వెండిరంగు. ఇటాలియన్ కార్ల కీర్తితోపాటు ఎరుపు వేగానికి గుర్తుగా స్థిరపడి, క్రమంగా లోపలికి కూడా ప్రవేశించింది. ఒక గంట ఉల్లాసంగా నడిపి ఇంటికి వచ్చే కారులో అది శోభిస్తుంది. ఆరేడు గంటలు కదలక కూర్చునే కుర్చీకి అది తగదని మా అభిప్రాయం. పైగా ఎరుపుకు మరొక లోపం ఉన్నది. మసక వెలుతురులో మన కన్ను ఎరుపును నల్లగాను, నీలాన్ని దానికంటే ప్రకాశవంతంగాను గ్రహిస్తుంది. చెక్ శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 19వ శతాబ్దిలో గమనించిన విషయమిది. ఎక్కువ సొమ్ము చెల్లించి తీసుకున్న ఎర్రతోలు సీటు రాత్రివేళ చీకటి కారులో ఇంచుమించు నల్లసీటే.

ఒకే రంగుతో తృప్తిపడనివారు గళ్లను ఆశ్రయించారు. 1976లో వోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ అనే చురుకైన చిన్నకారుకు ఎరుపు, నలుపు గళ్ల గుడ్డసీట్లను రూపొందించినది గున్‌హిల్డ్ లిల్యెక్విస్ట్ అనే మహిళ. అంతకుముందు ఆమె పింగాణీ పాత్రల మీద చిత్రాలు వేసేవారు. బ్రిటన్‌లో తాను చూసిన గళ్లబట్టలే అందుకు ప్రేరణ అని ఆమె చెప్పారు. మరుసటి సంవత్సరం వెలువడిన పోర్షె 928లో పందెం ముగింపు జెండాను తలపించే నలుపు తెలుపు గళ్లు అలలవలె వంపులు తిరిగాయి. దానికి 'పాషా' అని పేరు. చూడముచ్చటైనదే గాని, వేసవిలో తలనొప్పి గలవారికి మేము సిఫారసు చేయలేము.

ఇక ఎంపిక ఎలా చేయాలి? ఈ విషయంలో మన ఇంటి ఆడవారిని మించిన నిపుణులు లేరు. చీరల దుకాణంలో దీపం కింద చూసిన రంగును వారు నమ్మరు. చీరను గుమ్మం వెలుపలికి తెచ్చి పగటి వెలుగులో చూస్తారు. రెండు వస్తువులు ఒక దీపం కింద ఒకే రంగుగా కనిపించి, మరో వెలుతురులో వేర్వేరుగా కనిపించడాన్ని శాస్త్రజ్ఞులు మెటామెరిజం అంటారు. కార్ల కంపెనీలు సీటు గుడ్డను, తలుపు ప్లాస్టిక్‌ను, తోలును పలురకాల దీపాల కింద జతపరచి చూసేది ఇందుకే. షోరూములోని అరచేతి ముక్కను చూసి నిర్ణయించడం కూడా ప్రమాదమే. గోడకు రంగు వేయించినవారికి ఇది అనుభవమే. కార్డు మీద నెమ్మదిగా కనిపించిన రంగు నాలుగు గోడలకూ ఎక్కిన తరువాత మరింత ఘాటుగా కనిపిస్తుంది.

ఎండను కూడా తలచుకోవాలి. వైశాఖంలో ఖరగ్‌పూర్ ఎండ 40 డిగ్రీలు దాటడం కొత్త కాదు. నలుపు వేడిని పీల్చుకుంటుందని అందరికీ తెలుసు. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలవారు నల్లని కారును, వెండిరంగు కారును పక్కపక్కన ఎండలో నిలిపి చూడగా, నల్లకారు లోపలి గాలి 5 - 6 డిగ్రీలు అధికంగా వేడెక్కింది. అది పైరంగు ప్రభావం. లోపల నల్లతోలు అయితే వేడి నేరుగా ఒంటికి తగులుతుంది. పైకప్పు తీసి నిలిపిన కారులో సంగతి చెప్పనే అక్కరలేదు.

అట్లని లోపలంతా మీగడ రంగు చేయించుకోరాదు. డాష్‌బోర్డు పైభాగం లేతగా ఉంటే దాని ప్రతిబింబం ముందు అద్దంలో పడి, ఎదుటి దారిని మసకపరుస్తుంది. సీట్లు ఏ రంగువైనా ఆ ఒక్క భాగాన్ని ముదురుగా ఉంచడం భద్రతకు సంబంధించిన విషయం. లేతసీట్లకు కొత్త జీన్స్ ప్యాంటు నీలిమందు కూడా అంటుకుంటుంది. పిల్లలున్న ఇంటివారు ఇది మరువరాదు.

మా ఓటు ట్యాన్ అనే తేనె చాయకు. జపాన్‌కు చెందిన మాజ్దా 1989లో విడుదల చేసిన రెండు సీట్ల కారుకు, మరుసటి ఏడాది స్వదేశంలో వెలువరించిన ప్రత్యేక రకంలో ఆకుపచ్చ పైరంగుతో ఈ చాయ తోలునే జతచేసింది. వేడిని నలుపంతగా పీల్చదు, మరకను తెలుపంతగా చూపదు. అన్నిటికీ మించి మేదినీపూర్ ప్రాంతపు ఎర్ర మొరం నేలకు అది దగ్గరి చుట్టం. నల్లసీటు మీద ఆ దుమ్ము పొడిలా తేలుతుంది, తెల్లసీటులో ఇంకి మరకగా మిగులుతుంది. ట్యాన్ మీద మాత్రం వారానికొకసారి తడిగుడ్డతో తుడిచేవరకు ఇట్టే కలిసిపోతుంది. కొనేముందు తోలు ముక్కను అడిగి తెచ్చుకొని, మిట్టమధ్యాహ్నం ఒక గంట ఎండలో ఉంచి, దాని మీద అరచేయి ఆనించి చూడండి. అదే ముక్కను సాయంత్రం వీధిదీపం కింద మరొకసారి చూడండి.