బేస్‌బాల్ బంతి గాలిలో ఏల వంగును?

2003లో మన హైదరాబాదులో జరిగిన ఆఫ్రో-ఆసియా క్రీడలలో 8 ఆటలుండెను, బేస్‌బాల్ లేదు. ఆసియా క్రీడలలో మాత్రము 1994లో హిరోషిమాయందు అది పతకపు ఆట అయ్యెను. స్వర్ణము జపానుదే.

స్పిన్ బంతి నేలను తాకి ప్రక్కకు మళ్లునని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ వీథులలో క్రికెట్టాడు పిల్లలందరికిని తెలియును. బేస్‌బాల్‌లో బంతిని నేల తాకకుండ విసరుదురు. అయినను అది దారి మార్చును! ఏల?

తిరుగుచు పోవు బంతి, దాని ఎత్తైన కుట్లు, చుట్టునున్న గాలిని తమతో లాగును. బంతి ముందువైపు క్రిందికి దిగునట్లు తిరిగినచో వెనుక విడిచిన గాలి పైకి మళ్లును. న్యూటను మూడవ నియమము ననుసరించి గాలి బంతిని క్రిందికి నెట్టును. జర్మను శాస్త్రజ్ఞుడు మాగ్నస్ 19వ శతాబ్దిలో దీనిని పరిశోధించెను గనుక ఇది మాగ్నస్ ఫలితము. టెన్నిస్ బంతి వంగుటను న్యూటను 1672లోనే ప్రస్తావించియుండెను.

సెకనుకు 40 మీటర్ల వేగముగల బంతి, విసరుచోటినుండి 18.44 మీటర్లు దాటుటకు అరసెకనైనను పట్టదు. భూమ్యాకర్షణయే దానిని సుమారు ఒక మీటరు దించును. తిరుగుడు మరికొంత దించును. బ్యాటు పట్టినవాడు త్రోవను ముందే ఊహింపవలెను, ఆ ఊహయే తప్పును.

తేలికైన ప్లాస్టిక్ బంతితో బడి ఆవరణలో దీనిని చూపవచ్చును. బరువు తక్కువ గనుక వంపు స్పష్టముగా కనబడును. గాలి వీచు దినమున మాత్రము వలదు.