మట్టల ఆదివారమును వ్రాసి పంపిన సహోదరి



మట్టల ఆదివారమునాడు మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో జరిగేది మీకు తెలిసినదే. శనివారం సాయంత్రమే యౌవనస్థులు తాటి మట్టలు, ఈత కొమ్మలు కొట్టి తెస్తారు. తెల్లవారగానే పిల్లలు ముందు, పెద్దలు వెనుక, హోసన్న పాడుకుంటూ వీధులు తిరిగి మందిరానికి చేరుతాం. ఇది కేథలిక్కుల ఆచారం గదా, మనకెందుకు అని కొందరు మమ్మును అడుగుతుంటారు. ప్రభువు గాడిదపై వచ్చిన సంగతి సువార్తలలో ఉంది. అయితే ఆ దినమును సంఘము ఏటేటా ఊరేగింపుగా ఎలా ఆచరించిందో వివరంగా తెలిపే మొట్టమొదటి సాక్ష్యము ఒక స్త్రీ వ్రాసిన ఉత్తరములో ఉంది. ఆమె పేరు ఎగేరియా.

ఆమె క్రీ.శ. 381–384 సంవత్సరముల మధ్య తూర్పు దేశములలో యాత్ర చేసింది. ఏడవ శతాబ్దపు వలేరియస్ అనే సన్యాసి ఆమెను దేవునికి ప్రతిష్ఠించుకొన్న కన్యక అని, పడమటి సముద్రతీరమునుండి వచ్చినదని పొగిడాడు. అంటే నేటి స్పెయిన్ దేశపు వాయవ్య మూల అని పండితుల అభిప్రాయము. అప్పటికి కేథలిక్కు, ప్రొటెస్టెంటు అనే విభజన లేదు. ఇంటివద్ద ఉన్న తన సహోదరీల కొరకు, తాను చూసినదంతా ఆమె వ్రాసి పంపింది. గొప్ప పండితుల లాటిను కాదు, నోటితో మాట్లాడుకొనే లాటిను. 1884లో ఇటలీలోని అరెట్సో పట్టణములో గమురీని అనే పండితునికి పదకొండవ శతాబ్దపు ప్రతి ఒకటి దొరికింది. మొదటి పుటలు, చివరి పుటలు పోయాయి. మిగిలినవే నేడు ఆరాధనక్రమమును పరిశోధించేవారికి మూలాధారము!

ఆమె సీనాయి కొండను కాలినడకన ఎక్కింది. నెబో కొండకు, అబ్రాహాము నివసించిన హారానుకు వెళ్లింది. ఎక్కడికి వెళ్లినా ముందు ప్రార్థన, తరువాత ఆ స్థలమునకు చెందిన వాక్యభాగము, ఒక కీర్తన, మరల ప్రార్థన. బైబిలు చేతపట్టుకొని తిరిగిన యాత్ర అది.

యెరూషలేములో మట్టల ఆదివారము మధ్యాహ్నము ప్రజలందరు ఒలీవల కొండమీద కూడుకొనేవారు. కీర్తనలు, పఠనములు సాగి సాగి, సాయంత్రము అయిదు గంటల వేళకు కొమ్మలతో ప్రభువును ఎదుర్కొన్న సువార్త భాగము చదివేవారు. వెంటనే అందరు లేచి కాలినడకన కొండ దిగేవారు. నడవలేని పసిపిల్లలు తలిదండ్రుల భుజాలమీద ఉండేవారు, వారి చేతుల్లో కూడ ఖర్జూరపు మట్టలో, ఒలీవ కొమ్మలో ఉండేవని ఆమె వ్రాసింది. జనులు అలసిపోకుండ మెల్లమెల్లగా నడిచేవారట. మన ఊరేగింపుల్లో ముసలమ్మలను వెనుక వదిలి మైకుబండి వెంట పరుగెత్తే కుర్రవాళ్లకు ఈ మాట చదివి వినిపించాలి.

శుభ శుక్రవారమున పన్నెండు గంటలనుండి మూడు గంటలవరకు శ్రమలనుగూర్చిన లేఖనములే చదివేవారు. చిన్నా పెద్దా అందరు ఏడ్చేవారు. మనము ధ్యానించే ఏడు మాటల క్రమము చాలా కాలము తరువాత వచ్చినదే గాని, ఆ మూడు గంటలు మాత్రము అప్పటివే. ఆ ఉదయము సిలువ మ్రానును బయటికి తెచ్చి ముద్దుపెట్టుకొననిచ్చేవారట. ఎవడో ఒకసారి ముద్దుపెట్టినట్లే వంగి ముక్క కొరికి దొంగిలించాడని, అందుచేత పరిచారకులు చుట్టూ కావలి ఉండేవారని ఆమె విన్నది విన్నట్లు వ్రాసింది. ఆ మ్రాను నిజముగా ప్రభువు సిలువదే అని మేము పూచీపడము. కాని ఇటువంటి సంగతి కూడ దాచకుండ వ్రాసిన మనిషి మిగిలిన విషయములలో నమ్మదగినదని మాకు తోస్తుంది.

మాకు ఊరేగింపుకంటె బరువుగా తోచిన భాగము మరియొకటి ఉంది. బాప్తిస్మము కోరినవారి పేర్లు శ్రమకాలమునకు ముందే వ్రాసుకొనేవారు. బిషప్పు ఒక్కొక్కరిని పిలిచి, వారినిగూర్చి ఇరుగుపొరుగువారినే అడిగేవాడు: నడవడి మంచిదేనా, తలిదండ్రులను గౌరవిస్తాడా, త్రాగుబోతా అని. నిందలేనివాడైతేనే తన చేతితో పేరు వ్రాసేవాడు. లేనిచో, నడవడి దిద్దుకొని రమ్మని పంపివేసేవాడు. ఆ తరువాత వారములకొలది, దినమునకు మూడేసి గంటలు, లేఖనములు, విశ్వాసప్రమాణము బోధించేవాడు. మూడు రాత్రుల కూటములు ముగియగానే చెరువుకు నడిపించే మన పద్ధతిని దీని పక్కన పెట్టి చూడండి. పొరుగింటివారిని అడిగితే మన పట్టీలలో ఎన్ని పేర్లు మిగులుతాయో! కాపరులమైన మేము ముందుగా ఆలోచించవలసిన మాట ఇది.

భాష సంగతి కూడ ఆమె విడువలేదు. సీతంపేట కొండల్లోని సవర గ్రామాలకు వెళ్లినప్పుడు మనము తెలుగులో ప్రసంగిస్తాము. యౌవనులకు అర్థమవుతుంది, అవ్వలు మన ముఖమే చూస్తూ కూర్చుంటారు. ఒడిషా సరిహద్దు ఊళ్లలో ఒడియావారి సంగతీ అంతే. ఆనాటి యెరూషలేములో బిషప్పు గ్రీకులో మాట్లాడితే, పక్కనే నిలిచిన ఒక పెద్ద ప్రతి మాటను సిరియా భాషలోకి మార్చి చెప్పేవాడు. చదివిన లేఖనములకు కూడ అలాగే. ఇక లాటిను తప్ప మరేమీ రాని దూరదేశపువారు కొందరు ఉండేవారు. వారు చిన్నబుచ్చుకొనకుండ, రెండు భాషలూ తెలిసిన సహోదరులు, సహోదరీలు వారికి లాటినులో వివరించి చెప్పేవారని ఆమె తన ఇంటివారికి వ్రాసింది.